గుస్తావ్ ఈఫిల్

అలెగ్జాండర్ గుస్తావ్ ఈఫిల్ (డిసెంబర్ 15, 1832 - డిసెంబర్ 27, 1923) ఫ్రాన్సు దేశానికి చెందిన సుప్రసిద్ధ సివిల్ ఇంజనీరు, ఇనుప కట్టడాల నిర్మాత. పారిస్ నగరంలోని ఈఫిల్ టవర్ ఇతని సంస్థ నిర్మించినదే. న్యూయార్కులోని లిబర్టీ విగ్రహపు లోపలి ఇనుప చట్రము, పోర్చుగల్ లోని మరియా పియా వంతెన, ఫ్రాన్సులోని గరాబీ వంతెన ఇతని సంస్థ చేపట్టిన ఇతర ప్రసిద్ధ నిర్మాణాలు. తక్కువ ఇనుముతో ఎక్కువ ఎత్తును, ఎక్కువ దూరాన్ని సాధించడంలో ఇతని ప్రతిభ లోకవిదితము. ఆ ఇనుమును తుప్పు నుండి కాపాడే రంగుపూతకు ఇతడు ఇచ్చిన ప్రాధాన్యము మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. 20 సంవత్సరాల అనుమతితో కట్టిన టవరు 130 సంవత్సరాలు దాటిన తరువాత కూడా నిలిచి ఉండడానికి ఆ రంగుపూత ఒక ముఖ్య కారణము.

బాల్యము, విద్యాభ్యాసము

ఈఫిల్ ఫ్రాన్సు తూర్పు ప్రాంతంలోని దిజోన్ పట్టణంలో జన్మించాడు. ఇతని వంశీకులు జర్మనీ నుండి వచ్చి 18వ శతాబ్ది తొలినాళ్ళలో పారిస్ లో స్థిరపడ్డారు. వారి అసలు ఇంటిపేరు బోనిక్‌హౌసెన్. తమ స్వస్థలానికి దగ్గరలోని ఐఫెల్ కొండల పేరును వారు ఆ ఇంటిపేరుకు జోడించుకొన్నారు. గుస్తావ్ 1880లో చట్టబద్ధంగా ఈఫిల్ అన్న ఒక్క పేరునే ఉంచుకొన్నాడు. తండ్రి పూర్వం సైన్యంలో పనిచేసినవాడు. తల్లి బొగ్గు వ్యాపారాన్ని సమర్థంగా నడిపి కుటుంబాన్ని పైకి తెచ్చింది. ఆమెకు వ్యాపారంతో తీరిక లేకపోవడంవల్ల బాలుడు ఎక్కువగా అమ్మమ్మ దగ్గర పెరిగాడు.

ఇతని బాల్యంపై ఎక్కువ ప్రభావం చూపినవారిలో బంధువైన జాన్ బాప్తిస్త్ మొలెరా ఒకడు. అతడు రసాయన పరిశ్రమ నడిపేవాడు. సిర్కా తయారీకి కొత్త స్వేదన పద్ధతిని కనిపెట్టాడు. ఈఫిల్ పారిస్ లోని సెయింట్ బార్బ్ కళాశాలలో చదివి, ప్రతిష్ఠాత్మకమైన పాలిటెక్నిక్ విద్యాలయ ప్రవేశానికి ప్రయత్నించి విఫలుడయ్యాడు. ఆపై సెంట్రల్ ఇంజనీరింగు విద్యాలయంలో చేరి, రసాయన శాస్త్రం ప్రత్యేక విషయంగా 1855లో పట్టా పొందాడు. మొలెరా కర్మాగారంలో చేరవలసినవాడే గాని, కుటుంబ కలహాలవల్ల అది సాధ్యపడలేదు. ఆ విధంగా రసాయన శాస్త్రం చదివిన యువకుడు ఇనుప నిర్మాణ రంగంలో ప్రవేశించాడు.

వృత్తి జీవితము

1856లో ఈఫిల్ రైల్వే పరికరాల నిర్మాత చార్లెస్ నెప్వూ వద్ద ఉద్యోగంలో చేరాడు. బోర్డో పట్టణం వద్ద గారోన్ నదిపై సుమారు 500 మీటర్ల పొడవైన రైలు వంతెన పని అతని చేతికి వచ్చినప్పుడు ఇతనికి 25, 26 ఏళ్ళు మాత్రమే. నది అడుగున పునాదులు వేయడానికి అప్పటికి ఇంకా కొత్తదైన సంపీడిత వాయు పద్ధతిని వాడాడు. 1860లో పూర్తయిన ఈ వంతెన ఇతనికి మంచి పేరు తెచ్చింది.

1862లో మేరీ గోదెలేను వివాహమాడాడు. వీరికి ఐదుగురు సంతానము. 1877లో భార్య మరణించిన తరువాత ఈఫిల్ మళ్ళీ వివాహం చేసుకోలేదు.

1866లో పారిస్ శివారు లెవల్వా-పెరేలో సొంత కర్మాగారం నెలకొల్పాడు. 1868లో థియోఫిల్ సేరిగ్ భాగస్వామిగా చేరాడు. పోర్చుగల్ లోని పోర్తో నగరం వద్ద దూరో నదిపై 160 మీటర్ల కమానుతో కట్టిన మరియా పియా వంతెన 1877లో ప్రారంభమై, 1991 వరకు రైళ్ళను మోసింది. ఫ్రాన్సు దక్షిణ మధ్య ప్రాంతంలోని గరాబీ వంతెన (1880-1884) కమాను పొడవు 165 మీటర్లు. నదికి సుమారు 122 మీటర్ల ఎత్తున రైలు మార్గం సాగుతుంది.

ఈ నిర్మాణాలన్నింటిలో ఉన్న సూత్రము ఒక్కటే. దళసరి ఇనుప గోడలకు బదులు సన్నని కడ్డీలను, కోణపు పట్టీలను త్రిభుజాలుగా కూర్చి జాలీ వలె నిర్మిస్తే బరువు తగ్గుతుంది, గాలి ఆ ఖాళీల గుండా సాగిపోతుంది. అయితే ఈ లాభానికి ఒక మూల్యము ఉన్నది. ఇనుమును ఎంత పలుచగా పరిస్తే గాలికి, తేమకు తగిలే ఉపరితలము అంత పెరుగుతుంది. తుప్పు పట్టడానికి అవకాశమూ అంతే పెరుగుతుంది. పది అంగుళాల దిమ్మె నుండి ఒక మిల్లీమీటరు తుప్పుగా రాలిపోయినా నష్టం లేదు. అర అంగుళం పట్టీ నుండి అంతే రాలిపోతే దాని బలం గణనీయంగా తగ్గిపోతుంది.

ఇనుప వంతెనల ఇంజనీర్లకు అప్పట్లో పొంచి ఉన్న ప్రమాదం ఎటువంటిదో 1891 జూన్ 14న తెలిసివచ్చింది. స్విట్జర్లాండులోని మున్‌షెన్‌స్టైన్ వద్ద ఈఫిల్ సంస్థ 1875లో కట్టిన రైలు వంతెన కూలి 70 మందికి పైగా మరణించారు. అది తుప్పువల్ల జరిగినది కాదు. 1881 వరదలో వంతెన పునాదికి దెబ్బ తగిలింది. ఒత్తిడికి గురైన సన్నని కడ్డీలు వంగిపోవడాన్ని అంచనా వేయడానికి అప్పటివరకు వాడుతూ వచ్చిన సూత్రం చాలదని ఆపై జరిగిన పరిశోధన తేల్చింది. సన్నని ఇనుముపై ఆధారపడిన కట్టడానికి లెక్కలోను, కాపలాలోను ఏమరుపాటు పనికిరాదని ఈ దుర్ఘటన చాటింది.

లిబర్టీ విగ్రహము

శిల్పి బార్తోల్డీ రూపొందించిన లిబర్టీ విగ్రహానికి లోపలి ఆధారాన్ని మొదట వాస్తుశిల్పి వియొలే-ల-దుక్ తలపెట్టాడు. 1879లో ఆయన మరణించగా ఆ బాధ్యత ఈఫిల్ కు వచ్చింది. ఇతని సంస్థ ఇంజనీరు మారిస్ కెక్లిన్ తోడ్పాటుతో నడుమ నాలుగు కాళ్ళ ఇనుప స్తంభము, దాని నుండి చట్రము, ఆ చట్రానికి పలుచని రాగి రేకుల చర్మము అన్న పద్ధతిని రూపొందించాడు. విగ్రహము 1886 అక్టోబర్ 28న ఆవిష్కృతమైంది.

ఇనుము, రాగి ఒకదానికొకటి తగులుతూ వాటి నడుమ తేమ చేరితే అది విద్యుత్ ఘటము వలె పనిచేసి ఇనుము త్వరగా తినివేయబడుతుంది. దీనిని నివారించడానికి రెండు లోహాల నడుమ లక్కలో తడిపిన రాతినార (ఆస్బెస్టాస్) పొరను ఉంచారు. ఆ పొర కాలక్రమేణా శిథిలమై ఇనుప పట్టీలు తుప్పుపట్టి ఉబ్బాయి. 1984-1986 మధ్య జరిగిన మరమ్మత్తులో 1,800కు పైగా పట్టీలను తొలగించి స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు అమర్చారు. పాత రాతినారకు బదులు టెఫ్లాన్ పొరను వాడారు. రాగి లోపలి వైపున దశాబ్దాలుగా పేరుకొన్న పెయింటు పొరలను ద్రవ నైట్రోజనుతో పెళుసుబరచి రాల్చారు. దాని అడుగున ఉన్న తారు పూతను వంటసోడా పొడిని వేగంగా చిమ్మి తొలగించారు. రాగి మెత్తని లోహము కావడంవల్ల సాధారణంగా ఇనుముపై వాడే ఇసుక అక్కడ పనికిరాలేదు.

ఈఫిల్ టవర్ నిర్మాణము

ఫ్రెంచి విప్లవ శతవార్షికోత్సవ సందర్భంగా 1889లో పారిస్ లో జరిగే ప్రపంచ ప్రదర్శనకు 300 మీటర్ల టవరు కట్టాలన్న ఆలోచన మొదట ఈఫిల్ ది కాదు. 1884లో అతని సంస్థలోని ఇంజనీర్లు మారిస్ కెక్లిన్, ఎమిల్ నూగియే తొలి నమూనా గీశారు. ఈఫిల్ మొదట అంత ఆసక్తి చూపలేదు. వాస్తుశిల్పి స్టీఫెన్ సోవెస్త్ దానిని తీర్చిదిద్దిన తరువాత మనసు మార్చుకొని, అదే సంవత్సరం సెప్టెంబరులో ఆ ఇద్దరితో కలిసి పేటెంటు తీసుకొన్నాడు. తరువాత ఆ హక్కులను తానే కొన్నాడు.

1887 జనవరి 8న ఒప్పందం కుదిరింది. ప్రభుత్వం 15 లక్షల ఫ్రాంకులు మాత్రమే ఇచ్చింది. మిగతా ఖర్చు ఈఫిల్ భరించి, 1890 జనవరి 1 నుండి 20 ఏళ్ళపాటు వచ్చే ఆదాయంతో రాబట్టుకోవాలి. ఆ తరువాత టవరు నగరానికి చెందుతుంది, నగరం కావాలంటే దానిని విప్పివేయవచ్చు. 1887 ఫిబ్రవరిలో పలువురు రచయితలు, కళాకారులు ఈ కట్టడం నగర సౌందర్యానికి కళంకమని బహిరంగ లేఖ ప్రకటించారు. అయినా పని ఆగలేదు. 18,038 భాగాలను లెవల్వా-పెరే కర్మాగారంలో తయారుచేసి తెచ్చి, సుమారు 25 లక్షల రివెట్లతో కూర్చారు. వాడినది చేత ఇనుము. దాని బరువు సుమారు 7,300 టన్నులు. 1889 మార్చి 31న నిర్మాణం పూర్తయింది. ప్రదర్శన కాలంలో దాదాపు 20 లక్షల మంది టవరును సందర్శించారు.

రంగుపూత

టవరుకు మొదటి రంగు ఆకాశంలో కాదు, కర్మాగారం నేల మీదనే పడింది. విడిభాగాలను కూర్చడానికి ముందే వాటికి వెనిస్ ఎరుపు అనే రంగు పూశారు. కూర్చిన తరువాత రెండు పట్టీల నడుమకు కుంచె చేరదు కనుక ముందుగానే పూత వేయడం ఇనుప పనిలో తప్పనిసరి జాగ్రత్త. 1889 ప్రారంభోత్సవం నాటికి టవరు ఎరుపు కలిసిన గోధుమ రంగులో ఉండేది. 1892లో దానిని కావి కలిసిన గోధుమ రంగుకు మార్చారు. 1900 ప్రదర్శన కోసం 1899లో అడుగున నారింజ-పసుపుతో మొదలై పైకి వెళ్ళేకొద్దీ లేత పసుపుగా మారే ఐదు ఛాయలు వేశారు. 1907లో పసుపు-గోధుమ రంగు వచ్చి 1954 వరకు కొనసాగింది. ఆపై ఎరుపు-గోధుమ, 1968 నుండి టవరు పేరుతోనే పిలిచే ప్రత్యేకమైన గోధుమ రంగు వాడారు.

ఈఫిల్ 1900లో మూడువందల మీటర్ల టవరు పేరిట ప్రచురించిన బృహద్గ్రంథంలో లోహ నిర్మాణాల పరిరక్షణలో రంగుపూతయే ప్రధానమని, అది ఎంత శ్రద్ధగా జరిగితే కట్టడానికి అంత ఆయుష్షని అభిప్రాయపడ్డాడు. సుమారు ఏడేళ్ళకు ఒకసారి పూర్తిగా రంగు వేయాలన్నది ఇతని సూచన. ఆ నియమము ఇతని తరువాత కూడా సాగింది. 2019లో మొదలైనది 20వ దఫా. అంటే 130 ఏళ్ళలో సగటున దాదాపు ఏడేళ్ళకు ఒకసారి టవరు కొత్త రంగు తొడుక్కొన్నది.

పని పద్ధతి కూడా పెద్దగా మారలేదు. ఎత్తులో పనిచేయడానికి శిక్షణ పొందిన పాతిక నుండి యాభై మంది కార్మికులు చేతి కుంచెలతోనే రంగు వేస్తారు. జాలీ వంటి కట్టడంలో రంగును చిమ్మితే చాలా భాగం ఖాళీల గుండా గాలిలో కలిసిపోతుంది. ముందుగా తుప్పు పట్టిన చోట్లను, లేచిన పాత పొరలను గీకి శుభ్రం చేస్తారు. బయటపడిన ఇనుముకు తుప్పు నిరోధక ప్రైమరు పూస్తారు. చివరకు పై పూత వేస్తారు. పొగ, వాన, పక్షుల రెట్టలు ఈ పూతకు ప్రధాన శత్రువులు. ఒక దఫా పని పూర్తికావడానికి ఏడాదిన్నర నుండి మూడేళ్ళు పడుతుంది. అడుగున ముదురు, పైన లేత ఛాయలు వాడటం కూడా ఒక సంప్రదాయమైంది. దూరం నుండి చూసేవారికి ఆకాశం నేపథ్యంలో టవరు అంతా ఒకే రంగుగా కనిపించాలన్నది దీని ఉద్దేశము.

రంగు అంచనా

పారిశ్రామిక కట్టడాలకు రంగు అంచనా వేసే విధానానికి ఈఫిల్ టవర్ మంచి ఉదాహరణ. దాని రంగు వేయవలసిన ఉపరితలము సుమారు 2,50,000 చదరపు మీటర్లు, అనగా దాదాపు 62 ఎకరాలు. ఒక దఫాకు సుమారు 60 టన్నుల రంగు అవసరము. ఈ అంకెల నుండి తెలిసేవి:

- 60 టన్నులను 2,50,000తో భాగిస్తే చదరపు మీటరుకు 240 గ్రాములు వస్తుంది.
- 7,300 టన్నుల ఇనుముకు 2,50,000 చదరపు మీటర్లు అంటే టన్నుకు సుమారు 34 చదరపు మీటర్లు. వంతెనలు, షెడ్ల వంటి ఉక్కు కట్టడాలకు బరువునుబట్టి ఉపరితలాన్ని లెక్కించడం అంచనాలు వేసేవారి వాడుక.
- 7,300 టన్నుల ఇనుము ఘనపరిమాణము సుమారు 936 ఘనపు మీటర్లు. దానిని రెండు వైపులా రంగు వేసే పలకగా ఊహిస్తే మందము ఏడున్నర మిల్లీమీటర్లు మాత్రమే.
- అదే ఇనుమును మూడు సెంటీమీటర్ల మందపు పలకలుగా చేసి ఉంటే రెండు వైపులా కలిపి సుమారు 62,000 చదరపు మీటర్లు, అనగా నాలుగో వంతు మాత్రమే ఉండేది.

ఈఫిల్ ఇనుములో చేసిన పొదుపుకు రంగులో చెల్లించవలసిన మూల్యము ఎంతో ఈ చివరి లెక్క చూపుతుంది.

ఎంత రంగు కావాలన్నది ఉపరితలంపైనే గాక ఆరిన పొర మందంపై కూడా ఆధారపడుతుంది. 100 చదరపు మీటర్లపై 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో పదో వంతు) పొర నిలవాలంటే ఆరిన రంగు 10 లీటర్లు కావాలి. డబ్బాలోని రంగులో సగము ఆవిరైపోయే ద్రావణి అయితే 20 లీటర్లు కొనాలి. కుంచెకు అంటుకొనేది, కారిపోయేది, గరుకు ఉపరితలం పీల్చుకొనేది వేరుగా కలపాలి. ఉపరితలం సరిగా శుభ్రం చేయకపోతే మాత్రం ఈ లెక్కలన్నీ వృథా. తుప్పు మీద వేసిన పూత తుప్పుతోపాటే రాలిపోతుంది.

పనామా వివాదము

పనామా కాలువ నిర్మాణంలో లాకులు కట్టడానికి ఈఫిల్ 1887లో ఒప్పందం చేసుకొన్నాడు. కాలువ కంపెనీ 1889లో దివాలా తీయడంతో వేలాది మంది మదుపుదారులు నష్టపోయారు. 1893 ఫిబ్రవరిలో న్యాయస్థానం ఇతనికి రెండేళ్ళ జైలు శిక్ష, 20,000 ఫ్రాంకుల జరిమానా విధించింది. అదే సంవత్సరం జూన్ లో, చట్టం విధించిన గడువు దాటిన కేసు అన్న కారణంపై ఉన్నత న్యాయస్థానం ఆ తీర్పును రద్దు చేసింది. ఈలోగా ఇతడు సంస్థ బాధ్యతల నుండి తప్పుకొన్నాడు. సంస్థ పేరు నుండి ఈఫిల్ అన్న మాట తొలగింది. మారిస్ కెక్లిన్ నిర్వాహకుడయ్యాడు.

శాస్త్ర పరిశోధనలు

60 ఏళ్ళు దాటిన తరువాత ఈఫిల్ తన శేషజీవితాన్ని విజ్ఞాన శాస్త్రానికి అంకితం చేశాడు. దీనిలో ఒక స్వార్థము కూడా ఉన్నది. 1909 చివరకు టవరు అనుమతి ముగుస్తుంది. అది ఉపయోగకరమని నిరూపించనిదే దానిని విప్పకుండా ఆపడం కష్టము. టవరుపై వాతావరణ పరిశీలన కేంద్రాన్ని నెలకొల్పాడు. వస్తువులను టవరు నుండి జారవిడిచి గాలి నిరోధాన్ని కొలిచాడు. 1909లో టవరు పాదాల చెంత వాయుసొరంగం నిర్మించి, 1912లో దానిని ఒతై ప్రాంతానికి తరలించాడు. విమాన రెక్కలపై చేసిన ఈ పరిశోధనలకుగాను 1913లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ లాంగ్లీ పతకాన్ని ప్రదానం చేసింది.

టవరును నిజంగా కాపాడినది రేడియో. 1898లో యూజీన్ దుక్రెతే టవరు నుండి పాంథియన్ భవనానికి నిస్తంత్రీ సంకేతాలు పంపాడు. తరువాత సైనికాధికారి గుస్తావ్ ఫెరియే అక్కడ సైనిక రేడియో కేంద్రాన్ని అభివృద్ధి చేశాడు. 1910 జనవరి 1 నుండి టవరు అనుమతి మరో 70 ఏళ్ళకు పొడిగించబడింది. రేడియో టవరును విప్పివేత నుండి కాపాడింది, రంగు తుప్పు నుండి కాపాడింది.

మరణము

ఈఫిల్ 1923 డిసెంబర్ 27న పారిస్ లోని తన స్వగృహంలో 91వ ఏట మరణించాడు. ఇతని సమాధి కర్మాగారం ఉన్న లెవల్వా-పెరేలోనే ఉన్నది.

సీసము సమస్య

ఈఫిల్ కాలంలో ఇనుముపై వేసే రంగులలో సీసపు వర్ణద్రవ్యాలు విరివిగా ఉండేవి. సీస సింధూరాన్ని అవిసెనూనెలో కలిపి ప్రైమరుగా వాడటం ఐరోపా అంతటా సాధారణము. తుప్పును ఆపడంలో దానికి సాటి లేదు. కాని ఆ పొరను గీకినప్పుడు లేచే ధూళి కార్మికుని రక్తంలో చేరి విషమవుతుంది. టవరుకు 2001లో మొదలైన దఫా నుండి సీసము లేని రంగులు వాడుతున్నారు. అయినా అడుగున పాత పొరలు ఉండనే ఉన్నాయి. ఒకదానిపై ఒకటిగా పేరుకొన్న పొరలు బరువెక్కి లేచిపోతూ ఉండడంతో 2019 దఫాలో కొన్ని భాగాలను ఇనుము కనిపించేవరకు గీకాలని నిర్ణయించారు. 2021 ఫిబ్రవరిలో పనిచోట సీసము పరిమితిని మించి కనిపించగా పనిని నిలిపివేయవలసి వచ్చింది. ఇనుమును కాపాడిన పూతయే దానిని పూసేవారికి ప్రమాదమైంది. అందువల్ల నేటి పారిశ్రామిక రంగు అంచనాలలో రంగు, కూలితోపాటు పాత పొరను సురక్షితంగా తొలగించే ఖర్చు కూడా ముఖ్యమైన పద్దు అయినది.

విశేషాలు

- టవరు మొదటి అంతస్తు కింద నాలుగు వైపులా 72 మంది శాస్త్రవేత్తల, ఇంజనీర్ల పేర్లను ఈఫిల్ చెక్కించాడు. 20వ శతాబ్ది తొలినాళ్ళలో వేసిన రంగు కింద అవి మరుగునపడ్డాయి. 1986-87లో మళ్ళీ వెలుగులోకి తెచ్చారు.
- 2019లో మొదలైన దఫాకు ఎంచుకొన్న పసుపు-గోధుమ రంగు 1907లో, ఈఫిల్ జీవించి ఉండగా, వేసిన రంగును అనుసరించినది.
- బోర్డోలో యువ ఈఫిల్ పర్యవేక్షించిన రైలు వంతెనపై 2008లో రాకపోకలు ఆగిపోయాయి. ఆ వంతెన చారిత్రక కట్టడంగా గుర్తింపు పొందింది.